నాలుగు చేతుల చొక్కా

కత్తెర గాల్లో ఉండగానే టైలరమ్మ బొమ్మయిపోయింది.

ఆ సంగతి ఆమెకు తెలియదు. వెనక గదిలో కటింగ్ టేబుల్ ముందు నిలబడి, "గీత మీద కత్తిరించకండి, గీతకి వేలెడు బయటికి కత్తిరించండి, కుట్టుకి గుడ్డ వదలాలి కదా" అని తన ధోరణిలో తాను చెప్పుకుపోతూనే ఉంది. ఎదురుగా స్టాండు మీద ఫోను. ఆ ఫోనుకి అవతల, ఎక్కడెక్కడి ఇళ్లలోనో కూర్చున్న పాతికముప్పైమంది ఆడవాళ్లకి మాత్రం కత్తెర పైకెత్తి, నోరు సగం తెరిచి, కళ్లు అరమోడ్చిన టైలరమ్మ కనిపిస్తోంది. ఎంతసేపు చూసినా ఆ కత్తెర కిందికి దిగదు, ఆ నోరు మూతపడదు. తుమ్మబోయి ఆగిపోయిందేమోనని ఒకావిడ అందట. ఇంకొకావిడ లేచి వెళ్లి పొయ్యి మీద పాలు దించుకుని వచ్చిందట. వచ్చేసరికీ అదే బొమ్మ.

కాసేపటికి కుట్టు సెంటరు మేడమ్ ఫోన్ చేసింది.

"మీరు చెప్పడం బ్రహ్మాండంగా ఉందమ్మా. కనబడినంతసేపూ. కానీ రెండుసార్లు చూశాం, రెండుసార్లూ ఇదే తంతు. ఆదివారం పదకొండింటికి ఇంకొక్కసారి పెడతాను. గంటసేపు బొమ్మ ఆగకుండా వచ్చిందా, బ్యాచ్ మీదే. ఆగిందా, ఏమీ అనుకోకండి, ఇంకొకరిని చూసుకుంటాను. డబ్బు కట్టి నేర్చుకునేవాళ్లకి నేను మొహం చూపించాలి కదా."

"ఆగదు మేడమ్. ఈసారి ఆగనివ్వను," అంది టైలరమ్మ. ఎలా ఆగనివ్వదో ఆమెకే తెలియదు.

ఒకప్పుడు ఆ ఇంటి ముందు బట్టల సంచులతో మనుషులు వరస కట్టేవాళ్లు. రెడీమేడ్ బట్టలొచ్చాక కొత్త గుడ్డ ముఖం చూడటమే గగనమైపోయింది. ఇప్పుడొచ్చే పనల్లా ప్యాంటు కాళ్లు పొట్టిచేయడం, పాడైన జిప్పు మార్చడం. చేతిలో ఉన్న విద్య తుప్పు పడుతోందని టైలరమ్మకు లోపల్లోపల దిగులు. అలాంటిది, మొదటి క్లాసులో నెట్టు నడిచిన ఆ కాసేపట్లోనే ఒక అమ్మాయి తాను కుట్టిన చేతిని ఫోనుకి అడ్డంపెట్టి, "అక్కా, ఇక్కడ ముడతపడుతోంది" అంది. "విప్పి, భుజం దగ్గర్నుంచి మొదలుపెట్టి చూడు" అంది ఈమె. ఆ పిల్ల అలాగే చేసింది. ముడత మాయం. ఆ పిల్ల ముఖంలో వెలుగు చూశాక టైలరమ్మ కాలు నేలమీద నిలవడం మానేసింది. ఎక్కడో కూర్చున్న మనిషి వేళ్లు తన మాటతో కదిలాయి. ఇంత పని తన నోటితో అవుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. దాన్ని పోగొట్టుకోవడం ఆమెకు చేతకాదు.

ఇంటి సంగతి చెప్పాలి. రైలు పెట్టెలా పొడుగ్గా ఉంటుంది ఆ ఇల్లు. ముందు గది, దాని వెనక నడిమి గది, దాని వెనక వంటిల్లు, చిట్టచివర కుట్టుగది. నెట్టు తీగ ముందు గది కిటికీలోంచి లోపలికొచ్చి, పక్కనున్న అలమారు మీది పెట్టెలో చేరుతుంది. క్లాసేమో కుట్టుగదిలో. పోనీ ముందు గదిలోనే చెప్పుకోవచ్చు కదా అంటే, వీధికి అవతలివైపు కార్లకి సొట్టలు తీసే షెడ్డు ఉంది. పొద్దున్నించి సాయంత్రందాకా సుత్తి మోత. ఆదివారం ఇంకాస్త ఎక్కువ. పైగా కటింగ్ టేబుల్ గదిలోనే చేయించిన టేబుల్. గుమ్మంలోంచి బయటికి రావాలంటే ముందు గుమ్మం పగలగొట్టాలి.

ఇక ఆ ఇంట్లో పెద్ద దిక్కు అత్తగారు. వీధి వీధంతా ఆమెను గలీబుల అత్త అంటుంది. ఆమె కూడా ఒకప్పుడు పేరుమోసిన టైలరే; కోడలికి కత్తెర పట్టడం నేర్పింది ఆవిడే. కళ్లు కాస్త మందగించాక బయటి పని మానేసి, మిగిలిన ముక్కలతో ఇంట్లో ప్రతి వస్తువుకీ గలీబు కుట్టడం మొదలుపెట్టింది. దిండుకి గలీబు ఎవరైనా కుడతారు. ఈవిడ మిక్సీకి కుట్టింది, టీవీకి కుట్టింది, టీవీ రిమోట్‌కి కుట్టింది. ఫ్రిజ్ పిడికి, గ్యాసు బండకి, ముక్కాలి పీటకి కూడా. గొడుగుకి కుట్టిన గలీబు తీసి గొడుగు తెరిచేలోపు వాన వెలిసిపోయేది. కిటికీ ఎండ తగిలి వేడెక్కుతోందని నెట్టు పెట్టెకి కూడా, ఇస్త్రీ బల్ల మీద పరిచే వెండిరంగు గుడ్డతో ఒక చక్కటి తొడుగు వేసింది. పెట్టెలో వెలిగే దీపాలు కనబడటానికి కాజాలు కుట్టి మరీ.

నెట్టు కుర్రాడు వచ్చాడు, పెట్టె వెనక్కి చెయ్యి పెట్టి తీగ లాగాడు, తన ల్యాప్‌టాప్‌కి తగిలించుకున్నాడు. "లైను బంగారంలా ఉందక్కా. పెట్టె పాతబడింది. వెనక గదిదాకా మోయలేకపోతోంది. మార్చుకోండి," అనేసి బండెక్కాడు.

ఆ మాట వినగానే టైలరమ్మ భర్తకు ఎక్కడలేని హుషారు వచ్చింది. ఆయన బస్సు డ్రైవరు. స్టీరింగు ముందు ఎంత నిదానమో, కొత్త వస్తువు కొనడమంటే అంత తొందర.

"కొంటే పెద్దదే కొందాం," అన్నాడు. "మా కండక్టరు వాళ్లింట్లో ఒకటుంది, ఎనిమిది కొమ్ములు. చూస్తేనే భయమేస్తుంది."

"భయపడటానికి కొంటామా ఏంటండీ?" అంది టైలరమ్మ.

"ఒరేయ్, అది ఎంత పెద్దదో చెప్తే గుడ్డ చూసుకుంటాను," అంది లోపల్నించి అత్తగారు.

ఏ గుడ్డా కొలతలు లేకుండా కోయకూడదు. టైలరమ్మ మెళ్లో వేలాడే టేపు తీసింది. ముందు గది నుంచి కుట్టుగది దాకా ఇల్లంతా కొలిచింది. గోడల మందం కొలిచింది. ప్యాటర్న్‌లు గీసే గోధుమరంగు కాగితం టేబుల్ మీద పరిచి, గౌను ముక్క గీసినట్టు ఇల్లు గీసింది. ఇనప బీరువా ఎక్కడుందో, ఫ్రిజ్ ఎక్కడుందో, గిరాకీలు బట్టలేసుకుని చూసుకునే నిలువుటద్దం ఏ గోడకుందో అన్నీ సుద్దతో గుర్తులు పెట్టింది. భర్త నెత్తి గోక్కుంటూ చూశాడు.

"ఇంటికి చొక్కా కుడతావా ఏంటి?"

"కొలతలివ్వకుండా సరిపడలేదంటే ఏ టైలరూ ఊరుకోడు. ఆ కొట్టాయన మాత్రం ఎందుకు ఊరుకుంటాడు?"

శనివారం సాయంత్రం ఇద్దరూ కంప్యూటర్ల కొట్టుకి వెళ్లారు. కళ్లజోడు నుదుటి మీదికి ఎక్కించుకున్న బొద్దుపాటి మనిషి కొట్టు యజమాని. గోడంతా పెట్టెలే. డ్రైవరు కళ్లు జిగేల్మన్నాయి. సూటిగా వెళ్లి ఎనిమిది కొమ్ములదాని ముందు నిలబడ్డాడు.

"ఇదిగో, ఇదే. పీతలా ఎంత ఠీవిగా ఉందో చూడు."

"మీ కనెక్షన్ స్పీడెంతండీ?" అన్నాడు కొట్టాయన.

డ్రైవరు చెప్పాడు.

"మరి దానికి ఇదెందుకు? సందులో తిప్పడానికి డబుల్ డెక్కర్ బస్సు కొంటారా?"

ఆ మాట డ్రైవరుకి సూటిగా తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఈలోగా టైలరమ్మ చుట్టచుట్టిన కాగితం బల్ల మీద విప్పి, నాలుగు మూలలా నాలుగు వస్తువులు బరువు పెట్టింది.

కొట్టాయన కళ్లజోడు నుదుటి మీంచి ముక్కు మీదికి దిగింది. "ఇదేంటమ్మా?"

"మా ఇల్లండి. కొలతలు. పెట్టె ఉండేది ఇక్కడ, నేను ఉండేది ఇదిగో ఇక్కడ. ఇది ఇటుక గోడ, ఇది ఇంకా మందం."

ఆయన కాగితం మీదికి వంగాడు. మెల్లగా ఆయన మొహం విప్పారింది. "ఇన్నేళ్లుగా అమ్ముతున్నాను. ఇంటిని చుట్టచుట్టి చంకలో పెట్టుకొచ్చినవాళ్లని చూడలేదు. కూర్చోండి, కూర్చోండి." ఇద్దరికీ టీ కూడా తెప్పించాడు. టైలరమ్మకు లోపల పొంగు మొదలైంది. పనివాడితో పనివాడు మాట్లాడుకునేటప్పుడుండే పొంగు అది.

కొట్టాయన వేలు పెట్టి చూపిస్తూ చెప్పాడు. ఇప్పుడొచ్చే పెట్టెలన్నీ రెండు రకాల సిగ్నల్ వదులుతాయి. ఒకటి నిదానం, కానీ గోడలు దాటుకుంటూ దూరం పోతుంది. ఇంకొకటి ఉరుకుతుంది, కానీ గోడ కనబడితే నీరసపడిపోతుంది.

"అయితే మొదటిది నేను, రెండోది మా ఆవిడ," అన్నాడు డ్రైవరు.

"రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి లెండి, మీ ఇంట్లోలాగే," అన్నాడు కొట్టాయన. "మీ వెనక గదికి మొదటిదే దిక్కు. క్లాసుకి అది చాలు. ఇక దీనికి పడనివి చెప్తాను. ఇనుము పడదు. నీళ్లు పడవు. అద్దం పడదు."

"అద్దమెందుకు పడదండీ? అద్దంలోంచి అన్నీ కనబడతాయి కదా," అంది టైలరమ్మ.

"కిటికీ అద్దం కాదమ్మా, మొహం చూసుకునే అద్దం. దాని వెనక వెండిలాంటి పూత ఉంటుంది. సిగ్నల్ దానికి కొట్టుకుని వచ్చిన దారినే పోతుంది. మీ నిలువుటద్దం పక్క గోడకి ఉంది కాబట్టి బతికిపోయారు."

ఆ తర్వాత ఆయన మూడు పెట్టెలు కిందికి దించాడు. టైలరమ్మ గుడ్డల కొట్లో తాన్లు చూసినట్టే చూసింది. తిప్పి చూసింది, వెనక చూసింది, బరువు చూసింది. ఎన్నేళ్లు పూచీ అంది. పాడైతే ఊళ్లోనే బాగుచేస్తారా, ఎక్కడికైనా పంపించాలా అంది. నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా అంది. వారంలోపు అట్టపెట్టె చిరగకుండా తెస్తే తీసుకుంటానన్నాడు. అప్పుడు ఆమె ఆఖరి మాట అడిగింది.

"మీ ఇంట్లో ఏది పెట్టుకున్నారు?"

కొట్టాయన పకపకా నవ్వి, మూడింటిలోకీ సాదాగా ఉన్నదాన్ని ముందుకి జరిపాడు. నల్లగా, పలచగా, నాలుగు కొమ్ములతో ఉందది. పీత ధరలో సగం కూడా లేదు. "మూడేళ్లయింది. ఒక్కసారి కూడా మా ఆవిడ చేత నన్ను తిట్టించలేదు."

"ఇదే కట్టండి," అంది టైలరమ్మ.

"ఎత్తులో పెట్టండి. పైన ఏమీ పెట్టకండి. గాలాడాలి," అని వెనక నుంచి కేకేశాడు కొట్టాయన. ఇద్దరూ తలలూపారు. పైన ఏమీ పెట్టకూడదంటే పూలకుండీ పెట్టకూడదు, తాళాలు పెట్టకూడదు, అంతే అర్థమైంది వాళ్లకి. గలీబు ఆ ఇంట్లో వస్తువు లెక్కలోకి రాదు. ఒంటికి చర్మం ఎలాగో ఆ ఇంట్లో సామానుకి గలీబు అలాగ.

ఇంటికి రాగానే డ్రైవరు చెప్పులు కూడా విప్పకుండా అలమారు ముందుకి పోయాడు. పాత పెట్టెను దించి, దాని వెండి తొడుగు ఊడదీసి తల్లి చేతికిచ్చాడు. కొత్త పెట్టె పెట్టి తీగ గుచ్చాడు. దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. టైలరమ్మ ఫోనులో సిగ్నల్ గీతలు చూసుకుంటూ వెనక్కి పరిగెత్తింది.

"ఎన్ని గీతలు?" ముందు గదిలోంచి భర్త కేక.

"నడిమి గదిలో నిండా ఉన్నాయి."

"ఇప్పుడు?"

"వంటింట్లోనూ నిండా."

"ఇప్పుడో?"

ఆత్రం ఆగక డ్రైవరు తనే వెనక్కి వెళ్లాడు. కుట్టుగదిలో టైలరమ్మ ఫోను రెండు చేతులా గుండెకి హత్తుకుని నిలబడి ఉంది. "నిండా ఉన్నాయండీ," అంది. ఆ తర్వాత ఇద్దరూ పెరట్లోకి పోయి, బట్టలారేసే తీగ కింద నిలబడి చూశారు. అక్కడా ఉన్నాయి. అప్పటికప్పుడు ఆడపడుచుకి వీడియో కాల్ చేసింది. ఆడపడుచు తెర మీద కదులుతోంది, నవ్వుతోంది, తల దువ్వుకుంటోంది, ఎక్కడా ఆగడం లేదు. టైలరమ్మ ఫోను పట్టుకుని ఇల్లంతా గిరగిరా తిరిగింది.

"వదినా, కళ్లు తిరుగుతున్నాయి, ఒకచోట నిలబడు," అంది ఆడపడుచు.

"నిలబడను. నిలబడి నిలబడి విసుగెత్తింది," అంది టైలరమ్మ.

ఆ హడావుడిలో అత్తగారు టేపు పట్టుకుని కొత్త పెట్టె పొడుగు, వెడల్పు, కొమ్ము కొమ్ముకీ చుట్టుకొలత తీసుకోవడం ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకున్నా ఏమనేవాళ్లు? అది ఆ ఇంట్లో కొత్తగా వచ్చిన ప్రతి వస్తువుకీ జరిగే మర్యాదే.

ఆదివారం పదిన్నరకల్లా టైలరమ్మ సర్వం సిద్ధం చేసుకుంది. పిల్లల గౌనుకి చెయ్యి అతికించడం పాఠం. గౌను ముక్కలు, చేతి ముక్కలు, గుండుసూదులు, సుద్ద, కత్తెర వరసగా పేర్చింది. ఒకసారి సరిచూసుకుందామని ఆడపడుచుకి కాల్ చేసింది.

"వదినా, నీ మొహం గళ్లగళ్లుగా ఉంది."

"ఏంటీ?"

"చారల గుడ్డలా... అయ్యో, ఆగిపోయావు. నోరు తెరుచుకుని ఉన్నావు వదినా, మూసుకో."

టైలరమ్మ గబుక్కున ఫోను పైన చూసింది. గీతల్లో మిగిలింది ఒక్కటే. అదీ వచ్చి పోతోంది. "ఏవండీ," అని పిలిచిన పిలుపుకి డ్రైవరు సగం గీసిన గడ్డంతో పరిగెత్తుకొచ్చాడు. చూశాడు. ఒంటికాలి మీద లేచాడు.

"ఆ కళ్లజోడాయన మనకి టోపీ పెట్టాడు. టీ ఇచ్చినప్పుడే అనుకున్నాను. ఇవాళ కొట్టు మూత, లేకపోతే వాడి..."

"ఆయన్ని తిట్టడం తర్వాత. ముందు ఏం చేయాలో చెప్పండి."

"చేయడానికేముంది? ఆ పాతదాన్నే పెడదాం. అది ముందు గదిలోనన్నా బాగా పనిచేస్తుంది. తలుపులు బిగించుకుని అక్కడే కూర్చో. సొట్టల షెడ్డువాళ్ల కాళ్లు పట్టుకుంటాను, గంటసేపు సుత్తి దించమని."

అంతకంటే దారి లేదు. డ్రైవరు కొత్తదాన్ని పక్కకి జరిపి, తీగ పీకి, మూల పడేసిన పాత పెట్టెకి గుచ్చాడు. టైలరమ్మ వెనక్కి వెళ్లి ఒక్కొక్క సామానే చేటలోకి ఎత్తుతోంది. ఇంతలో టేబుల్ మీద ఫోను మోగింది. మళ్లీ ఆడపడుచే.

"వదినా, ఇప్పుడేం చేశారు? నీ మెళ్లో టేపు మీద అంకెలు కూడా చదవొచ్చు."

టైలరమ్మ చేతిలో గుండుసూదుల డబ్బా అలాగే ఉండిపోయింది. ఫోను చూసింది. నిండుగా గీతలు. అది కుట్టుగది. అవతల నడుస్తున్నది పాత పెట్టె, పనికిరాదని మూల పడేసిన పెట్టె.

"లైనులో ఉండు, పెట్టేయకు," అని ఫోను అలాగే పట్టుకుని ముందు గదికి వచ్చింది. డ్రైవరు నడుం మీద చేతులు పెట్టుకుని పాత పెట్టెను అనుమానంగా చూస్తున్నాడు.

"పక్కన కొత్తది కనబడేసరికి దీనికి బుద్ధొచ్చిందా ఏంటి?" అన్నాడు.

రెండు పెట్టెలూ అలమారు మీద పక్కపక్కన ఉన్నాయి. అదే చోటు, అదే తీగ. పాతది నగ్నంగా, దుమ్ము పట్టి, రెండు కొమ్ములతో దిక్కులేనిదానిలా ఉంది. కొత్తది తళతళలాడే వెండి చొక్కా తొడుక్కుని ఉంది. నాలుగు కొమ్ములకి నాలుగు చేతులు. చేతుల చివర సన్నటి మడత. దీపాలకి వరసగా చిన్నచిన్న కాజాలు. పొద్దున్నే లేచి, పాత తొడుగు విప్పిన గుడ్డకి కొత్త ముక్క అతికి అత్తగారు కుట్టింది. ఎక్కడ అతికిందో టైలరమ్మ కళ్లకి కూడా దొరకడం లేదు.

వెండి. సిగ్నల్ కొట్టుకుని వచ్చిన దారినే పోతుంది.

ఆమె చెయ్యి చాచి కొత్తదాని చొక్కా విప్పింది. దాన్ని పాత పెట్టెకి తొడిగింది. తమ్ముడికి అన్న చొక్కా వేసినట్టు రెండు చేతులు ఖాళీగా వేలాడాయి. ఫోను డ్రైవరు చేతిలో పెట్టి, "వెనక గదికి పోయి నిలబడండి," అంది.

వెనక నుంచి ఆడపడుచు గొంతు సన్నగా వినిపించింది. "అన్నయ్యా, పోయావు."

టైలరమ్మ చొక్కా ఎత్తింది.

"వచ్చావు."

దించింది.

"పోయావు. ఏం ఆటలన్నయ్యా ఇవి?"

చొక్కా ఎత్తిపట్టుకుని టైలరమ్మ వెనక్కి తిరిగింది. నడిమి గది గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"అంటే, ఇన్నాళ్లూ నీ క్లాసు చెడగొట్టింది నేనా?"

అబద్ధం చెబితే ఆవిడకి తెలిసిపోతుంది. కుట్టులో అబద్ధాన్ని దూరం నుంచి పట్టేసే కళ్లు అవి.

"మీరు కాదత్తయ్యా, గుడ్డ. ఈ గుడ్డకి వెనక వెండి పూత. అద్దానికున్నట్టే. అది సిగ్నల్‌ని బయటికి పోనివ్వదట."

"గుడ్డ ఎంచింది ఎవరు? నేనేగా." అత్తగారు ముందుకొచ్చి కోడలి చేతిలోంచి చొక్కా తీసుకుంది. చేతులు లోపలికి మడిచి, నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుంది. "ఎండకి మాడిపోతోందని వేశాను. దాని నోరు నొక్కేస్తున్నానని నాకేం తెలుసు? సరే, నా మొహం చూస్తూ నిలబడతావేంటి అమ్మాయ్, టైమెంతైందో చూశావా? పో."

పదకొండు కావస్తోంది. "మళ్లీ కొత్తదాన్ని పెట్టనా?" అన్నాడు డ్రైవరు, తీగ మీద చెయ్యి వేస్తూ.

"నడుస్తున్న మిషన్‌ని ఎవరైనా విప్పుతారా? ముట్టుకోకండి," అని కుట్టుగదికి పరుగుతీసింది టైలరమ్మ.

డ్రైవరు మొహానికి ఒకవైపు సబ్బుతోనే వీధి దాటి సొట్టల షెడ్డుకి వెళ్లాడు. ఏం చెప్పాడో ఏమో, కాసేపటికి సుత్తి మోత కాస్త తగ్గింది. అత్తగారు ముక్కాలి పీట అలమారు దగ్గరికి లాక్కుని కూర్చుంది. గాలాడాలని కొట్టాయన అన్న మాట కొడుకు పోతూ పోతూ చెప్పాడు కాబట్టి, మడతపెట్టిన పేపరుతో పెట్టెకి విసరడం మొదలుపెట్టింది.

తెర మీద ఒక్కొక్క ముఖమే తెరుచుకుంది. టైలరమ్మ చేతి ముక్క ఎత్తి చూపించింది. "చేతి పైగుండ్రం చంక గుండ్రం కంటే కొంచెం పెద్దదిగానే ఉంటుంది. కొలత తప్పిందని కంగారుపడి కత్తిరించేయకండి. ఆ మిగులు కనబడకుండా దాచడమే పనితనం." ఒక్కొక్క మాటకీ ఆమె తెర వంక దొంగచూపు చూస్తూనే ఉంది. ముఖాలు కదులుతున్నాయి. తలలు ఊగుతున్నాయి. ఎవరింట్లోనో పిల్లి అడ్డంగా పోయింది. పిల్లి కూడా ఆగకుండా పోయింది. ఆ తర్వాత ఆమె తెర సంగతే మరిచిపోయింది.

సగం పాఠం అయ్యాక మొన్నటి అమ్మాయే మళ్లీ చెయ్యెత్తింది. "అక్కా, మీది పెద్ద గుండ్రం కాబట్టి కుదిరింది. బొటనవేలంత చేతులైతే ఈ మిగులు ఎక్కడ దాస్తాం? ముడత పడదా?"

టైలరమ్మ నోరు తెరిచి, ఒక్క క్షణం ఆగింది. అవతలివాళ్లందరూ మళ్లీ బొమ్మయిపోయిందేమోనని భయపడ్డారు. నెట్టు ఆగలేదు.

"అత్తయ్యా," అని వెనక్కి తిరిగి పిలిచింది. "ఆ చొక్కా ఒకసారి ఇటు తెస్తారా?"

అత్తగారు పేపరు, షెడ్డు నుంచి తిరిగొచ్చిన డ్రైవరు చేతికిచ్చి, విసరడం ఆపొద్దని చెప్పి వచ్చింది. టైలరమ్మ ఆ వెండి చొక్కాను ఫోనుకి దగ్గరగా పెట్టి ఒక చెయ్యి తిరగేసింది. "చూడండి. చేతి మొదట్లో ఎక్కడన్నా ముడతుందేమో వెతకండి."

తెర మీది ముఖాలన్నీ ముందుకొచ్చాయి. ఎవరికీ దొరకలేదు. "ఆ కాజాలు చూడండే," అంది ఒకావిడ. "మిషన్‌వా?"

"చేత్తో," అంది అత్తగారు, ఫోను వెనక నుంచి.

"పసిపిల్ల చొక్కానా అత్తా? నాలుగు చేతులేంటి?"

అత్తగారు కోడలి భుజం మీంచి తల ముందుకి పెట్టింది. తెర నిండా ఆవిడ కళ్లజోడే. "అది మా నెట్టు పెట్టెది. తొడిగితే నెట్టు ఆగిపోతుంది. మీరెవరూ ఇలాంటి తెలివితక్కువ పని చేయకండి." అందరూ ఘొల్లుమన్నారు. ఆ నవ్వు ఒక్క ముక్క కూడా తెగకుండా వచ్చింది. "కాజా మాత్రం చూపిస్తాను. ఏది, ఒకరెవరన్నా సూది ఎక్కించుకోండి," అంటూ అత్తగారు కోడల్ని మోచేత్తో పక్కకి నెట్టి టేబుల్ ముందుకి వచ్చింది.

గంట దాటింది. ఎవరూ లేవలేదు.

ఫోను పెట్టేసిన కాసేపటికే మేడమ్ దగ్గర్నించి కాల్ వచ్చింది. "ఏం పెట్టారమ్మా నెట్టు? నా ఇంట్లో కూడా ఇంత బాగా రాదు. బ్యాచ్ మీదే. వచ్చే ఆదివారం నుంచి మొదలుపెట్టండి. ఇంకో మాట. కాజాలకి ఆ పెద్దావిడ వస్తారా అని అప్పుడే ఆరుగురు అడిగారు."

టైలరమ్మ ఇల్లంతా వినబడేలా ఆ మాట రెండుసార్లు చెప్పింది. చెబుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. డ్రైవరు ఊపిరి పీల్చుకుని కొత్త పెట్టెను అట్టపెట్టెలో సర్దబోయాడు. "పాతదే సింహంలా పనిచేస్తోంటే ఇదెందుకు? వారం దాటలేదు, వెనక్కిచ్చేద్దాం. పాపం ఆయన్ని అనవసరంగా తిట్టాను కూడా."

"ఆగరా," అంది అత్తగారు. పైఅరలో మూటలు దించుతోందావిడ. "ఏం తొందర? వయసు మీద పడ్డదాన్ని ఎన్నాళ్లు నమ్ముకుంటాం? నాకూ క్లాసులున్నాయి ఇప్పుడు. కొత్తదే పెట్టు. పాతది అవసరానికి ఉంటుంది."

డ్రైవరు పెళ్లాం వంక చూశాడు. పెళ్లాం నవ్వాపుకుంటూ గోడ వంక చూసింది. తీగ మళ్లీ మారింది.

అత్తగారు మూటలోంచి దోమతెర కుట్టగా మిగిలిన ముక్క బయటికి లాగింది. పలచగా, అన్నీ చిల్లులే. వెలుగుకి అడ్డంపెట్టి అటునుంచి కోడల్ని చూసింది. కోడలు స్పష్టంగా కనబడింది.

"దీనిలోంచి గాలాడుతుంది. పూతా గీతా ఏమీ లేదు. దుమ్మన్నా ఆగుతుంది," అంటూ ముక్కను కొత్త పెట్టె మీద మెల్లగా కప్పి, టేపు మెళ్లో వేసుకుంది. "అమ్మాయ్, ఫోను పట్టుకుని వెనక గదికి పో."

టైలరమ్మ చెంగు దోపుకుని పరిగెత్తింది. నడిమి గది దాటింది, వంటిల్లు దాటింది.

"ఎన్ని గీతలు?" వెనక నుంచి ఇద్దరూ ఒక్కసారే కేకేశారు.